కువైట్ వీధి పిల్లికి ‘జాతి’ పేరు ఎలా వచ్చింది? మరి మన గల్లీ బిల్లీ సంగతేంటి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊర్లలో ఏ మొహల్లాకు పోయినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా కనపడుతుంది. కువైట్‌లో డ్రైవర్‌గానో, వంటమనిషిగానో, కఫీల్ ఇంట్లో ఖద్దామాగానో పనిచేసేవాళ్లు రాత్రి పని ముగిశాక ఇంటికి వీడియో కాల్ చేస్తారు. ఇక్కడ పిల్లలు ఫోన్‌లో అబ్బానో ఖాలానో చూస్తుంటే, వెనక గోడ మీదో బలదియా చెత్త డబ్బా పక్కనో ఒక పిల్లి తిరుగుతూ ఉండటం మామూలే. పొడుగు కాళ్లు, పెద్ద చెవులు, ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి బొచ్చు. ‘అరే, మన గల్లీ బిల్లీ మాదిరే ఉందే’ అంటారు పిల్లలు.

ఆ పిల్లిని అక్కడ చాలామంది పట్టించుకోరు. కానీ దానికి అంతర్జాతీయ క్యాట్ షోల్లో ఒక పేరుంది: అరేబియన్ మౌ. జర్మనీలోని ఎస్సెన్ నగరం కేంద్రంగా పనిచేసే వరల్డ్ క్యాట్ ఫెడరేషన్ 2008లో దీన్ని ఒక ప్రత్యేక జాతిగా గుర్తించింది. అంటే చెత్త డబ్బా పక్కన పడుకున్న పిల్లికి, షోలో మెత్తని దిండు మీద కూర్చున్న పిల్లికి రక్తం ఒకటే. తేడా ఒక కాగితం.

ఆ కాగితం ఎలా వచ్చింది, దాని విలువ ఎంత అన్నది మన ఇళ్లకు కూడా పనికొచ్చే సంగతి. ఎందుకంటే ఇప్పుడు మన ఊర్లలోనూ పిల్లలు ‘పర్షియన్ క్యాట్ కావాలి’ అని పట్టుబడుతున్నారు. అమ్మానాన్నలు వేలకు వేలు పోసి కొంటున్నారు.

ముందు ‘జాతి’ అంటే ఏంటి?

కోళ్లతో చెప్తే సులువుగా అర్థమవుతుంది. బ్రాయిలర్ కోడిని మనిషి ఒక అవసరం కోసం తయారుచేశాడు. ఏ పుంజును ఏ పెట్టతో కలపాలో కంపెనీ లెక్క వేసుకుని పెంచుతుంది. నాటుకోడిని అట్లా ఎవరూ తయారుచేయలేదు. వందల ఏండ్లు ఊర్లో తిరిగి, గింజలు ఏరుకుని, ఎండకు, రోగానికి, గద్దకు తట్టుకుని మిగిలిందే నాటుకోడి. దాన్ని తయారుచేసింది ఊరు, వాతావరణం.

పిల్లుల్లోనూ ఇంతే. కొన్ని జాతులను మనుషులు కావాలని జతకట్టించి పుట్టించారు. ఇంకొన్ని ఒక ప్రాంతంలో వాటంతటవే పెరిగి, తరతరాలకు ఒక రూపం, ఒక తీరు తెచ్చుకున్నాయి. రెండో రకాన్ని సహజ జాతి అంటారు. టర్కీలో అంకారా ఊరి పేరుతో అంగోరా, వాన్ సరస్సు పేరుతో టర్కిష్ వాన్, ఈజిప్టులో ఈజిప్షియన్ మౌ, ఇవన్నీ అట్లా చెప్పుకునే జాతులే. అరేబియన్ మౌ కూడా ఆ వరుసలోదే. మౌ అన్నది పాత ఈజిప్టు భాషలో పిల్లికి పేరు. అది అరిచే అరుపే దాని పేరయింది.

సహజ జాతిలో ఒక తమాషా ఉంది. పిల్లి ముందు, పేరు తర్వాత. మనుషులు పుట్టించిన జాతికి పుట్టిన తేదీ చెప్పొచ్చు. సహజ జాతికి మాత్రం గుర్తింపు వచ్చిన తేదీ మాత్రమే ఉంటుంది. 2008 అన్నది అరేబియన్ మౌ పుట్టిన ఏడాది కాదు. అంతకు వందల ఏండ్ల ముందు నుంచే అది ఆ వీధుల్లో, ఆ ఖర్జూర తోటల్లో ఉంది.

ఎడారి దిద్దిన ఒళ్లు

ఇంటి పిల్లి మూలం ఏంటని 2007లో శాస్త్రవేత్తలు ఒక పెద్ద పరిశోధన ప్రచురించారు. అడవి పిల్లులు, ఇంటి పిల్లులు కలిపి సుమారు 979 పిల్లుల డీఎన్ఏ పోల్చి చూశారు. ప్రపంచంలోని ఇంటి పిల్లులన్నీ ఫెలిస్ లిబికా అనే ఒకే రకం అడవి పిల్లి సంతతి అని తేలింది. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల్లో ఉండే పిల్లి అది. ఆ పరిశోధనలో ఇంటి పిల్లులకు దగ్గరగా వచ్చిన అడవి పిల్లుల్లో సౌదీ అరేబియా, యూఏఈ ఎడారుల నుంచి తీసుకున్నవి కూడా ఉన్నాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏండ్ల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిన ఆనవాళ్లు బయటపడ్డాయి. మనిషికి, పిల్లికి దోస్తీ అంత పాతది.

ఈ దోస్తీ మొదలవడానికి కారణం ధాన్యం. మనిషి పంట పండించి గింజలు దాచుకోవడం నేర్చుకున్నాక గాదెల దగ్గరికి ఎలుకలు వచ్చాయి. ఎలుకల వెంట పిల్లి వచ్చింది. కుక్కను మనిషి పెంచుకున్నాడు, పిల్లి మాత్రం తనంతట తానే వచ్చి ఉండిపోయింది. మన దగ్గర శనగకాయలు, జొన్నలు నిల్వ పెట్టే ఇంట్లో పిల్లి తిరిగితే పెద్దోళ్లు ఏమీ అనరు. దాని వెనక ఉన్నదీ ఈ పాత లెక్కే.

అరబ్ దేశాల ఎండలో బతకడానికి ఆ పిల్లి ఒళ్లు ఎట్లా మారిందో చూడండి. దాని బొచ్చు ఒకే పొర. చలి దేశాల పిల్లులకు పైబొచ్చు కింద దూది లాంటి మెత్తటి లోపలి బొచ్చు ఇంకోటి ఉంటుంది. అరేబియన్ మౌకు అది ఉండదు. చెవులు పెద్దవి. పలచటి చెవుల్లో రక్తం పారుతుంటే ఒంట్లో వేడి కొంత బయటికి పోతుంది. కాళ్లు పొడుగు. ఒళ్లు మరీ లావు కాదు, అట్లని బక్కపలచనా కాదు, కండ గట్టిది. రంగులో మాత్రం పట్టింపు లేదు. నలుపు, తెలుపు, ఎరుపు, గోధుమ రంగు చారలు, రెండు రంగుల కలయిక, అన్నీ ఉంటాయి.

ఈ గుణాల్లో ఒక్కటి కూడా అందం కోసం ఎవరూ ఎంచి పెట్టింది కాదు. ఎండకు ఆగలేనివి పోయాయి, ఆగినవి పిల్లల్ని కన్నాయి. ఆ పిల్లల పిల్లలే ఇప్పుడు కువైట్ గోడల మీద ఉన్నవి.

కాగితం ఎట్లా వచ్చింది?

పిల్లులకు జాతులు రాసుకోవడం నిజానికి కొత్త అలవాటు. 1871లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పెద్ద క్యాట్ షో పెట్టాడు. ఏ పిల్లిని ఎట్లా చూడాలి, దేనికి ఎన్ని మార్కులు అన్న ప్రమాణాలు రాసిందీ ఆయనే. ఆ తర్వాత సంఘాలు పుట్టాయి. అమెరికాలో క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ 1906లో, బ్రిటన్‌లో అక్కడి క్లబ్బుల పాలక మండలి 1910లో వచ్చాయి. వరల్డ్ క్యాట్ ఫెడరేషన్ వీటికంటే చాలా చిన్నది, 1988లో మొదలైంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. పిల్లులకు ప్రపంచం మొత్తానికి ఒకే సర్కారు ఆఫీసు లేదు. ఇవన్నీ ప్రైవేటు సంఘాలు. ఒకరు ఒప్పుకున్న జాతిని ఇంకొకరు ఒప్పుకోవాలనే రూల్ లేదు. అరేబియన్ మౌను వరల్డ్ క్యాట్ ఫెడరేషన్ గుర్తించింది. అమెరికాలోని క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ జాబితాలో మాత్రం అది లేదు.

గుర్తింపు దారి ఇట్లా ఉంటుంది. ముందు ఆ ప్రాంతంలో ఒక సంఘం కూర్చుని, ఈ పిల్లి తల ఎట్లా ఉండాలి, చెవి ఎట్లా ఉండాలి, బొచ్చు ఎట్లా ఉండాలి అని ప్రమాణం రాస్తుంది. అరేబియన్ మౌ విషయంలో దుబాయ్‌లోని మిడిల్ ఈస్ట్ క్యాట్ సొసైటీ ఆ పని చేసింది. తర్వాత తల్లిదండ్రులెవరో తెలియని వీధి పిల్లులను షోకు తీసుకొస్తారు. న్యాయనిర్ణేతలు ఒక్కోదాన్ని చేత్తో పట్టుకుని, ప్రమాణానికి సరిపోతుందో లేదో చూస్తారు. సరిపోయినవి మొదటి తరంగా రిజిస్టర్‌లో ఎక్కుతాయి. వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అట్లా తరం తరం రాసుకుంటూ పోతే వంశావళి తయారవుతుంది.

ఈ పనిలో మంచి ఉంది, భయమూ ఉంది. మంచి ఏంటంటే, నిన్నటిదాకా ‘వీధి పిల్లి’ అని తరిమేసిన జీవికి పేరు రాగానే విలువ వచ్చింది. గల్ఫ్ నగరాల్లో విదేశీయులు తెచ్చిన పొడుగు బొచ్చు పిల్లులు, వాళ్లు దేశం విడిచిపోతూ వదిలేసినవి వీధుల్లో కలిసిపోతుంటాయి. అట్లాంటి చోట ఇది ఈ నేల పిల్లి అని రాసి పెట్టుకోవడం అవసరమే. భయం ఏంటంటే, రిజిస్టర్ తలుపు మూసేసి, కొద్ది పిల్లులనే మళ్లీ మళ్లీ వాటిలో వాటికే జతకడితే రోగాలు లోపలే నిలబడిపోతాయి. సహజ జాతికి బలం దాని కలగలుపు రక్తమే. ఆ బలాన్ని కాగితం కోసం పోగొట్టుకుంటే గుర్తింపు వచ్చీ లాభం లేదు.

పేరు ఇరాన్‌ది, రక్తం యూరప్‌ది

దీనికి కళ్ల ముందున్న ఉదాహరణ పర్షియన్. 1620 ప్రాంతంలో పియెత్రో దెల్లా వాల్లె అనే ఇటలీ యాత్రికుడు ఇరాన్‌లో పొడుగు బొచ్చు పిల్లులను చూసి రాశాడు. పేరు అక్కడి నుంచి నిలబడింది. ఆ తర్వాత కథంతా యూరప్, అమెరికాల్లో నడిచింది. మూతి చిన్నగా ఉన్నవాటినే ఎంచి ఎంచి జతకట్టించారు.

2008లోనే, అంటే అరేబియన్ మౌకు పేరొచ్చిన ఏడాదే, అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో లెస్లీ లియాన్స్ బృందం ఇంకో డీఎన్ఏ పరిశోధన ప్రచురించింది. షో జాతుల పిల్లులను, ప్రపంచంలోని రకరకాల దేశాల వీధి పిల్లులను కలిపి వెయ్యికి పైగా పోల్చారు. టర్కీ పేరున్న అంగోరా, వాన్ పిల్లులు నిజంగానే టర్కీ వైపు పిల్లులకు దగ్గరగా వచ్చాయి. పర్షియన్ మాత్రం పశ్చిమ యూరప్ వీధి పిల్లులకు దగ్గరగా వచ్చింది. పేరు ఇరాన్‌ది, రక్తం యూరప్‌ది.

మన దగ్గర పెట్ షాపుల్లో ‘డాల్ ఫేస్’, ‘సెమీ పంచ్’, ‘పంచ్ ఫేస్’ అని రేట్లు చెప్తారు. మూతి ఎంత నొక్కుకుపోతే అంత ఎక్కువ రేటు. ఆ నొక్కుడు మూతి వల్లే వాటికి ఊపిరి కష్టమవుతుంది, కన్నీళ్లు లోపలికి పోవాల్సిన దారి వంకరై ఎప్పుడూ కళ్లు కారుతుంటాయి. మూత్రపిండాల్లో నీటి తిత్తులు పుట్టించే ఒక వంశపారంపర్య రోగం ఈ జాతిలో బాగా వ్యాపించి ఉంది. దానికి కారణమైన జన్యు లోపాన్ని 2004లో కనుక్కున్నారు. టెస్ట్ కూడా ఉంది. కానీ అమ్మేవాళ్లు ఆ టెస్ట్ మాట ఎత్తేది తక్కువ.

ఇప్పుడు ప్రొద్దుటూరు మే నెల ఎండను తలుచుకోండి. 42, 43 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. కరెంటు పోతే మనుషులకే ఊపిరాడదు. పిల్లికి మన మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా పాదాల అడుగునే పడుతుంది. రెండు పొరల బొచ్చు, నొక్కుడు ముక్కు ఉన్న పిల్లికి ఆ ఎండ ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

మన గల్లీ బిల్లీకి ఏమీ తక్కువ లేదు

ఇప్పుడు మన గోడ మీద పిల్లిని చూడండి. పొట్టి బొచ్చు, పెద్ద చెవులు, పొడుగు కాళ్లు. జమ్మలమడుగులో పెన్నా ఒడ్డు బండలు కాలిపోతున్నా నీడ వెతుక్కుని పడుకుంటుంది. పులివెందుల అన్న పేరు పులుల మందల నుంచి వచ్చిందని అక్కడి పెద్దోళ్లు చెప్తారు. పులులు పోయినా, మన ఇళ్లలో షేర్‌కు ఖాలా అని చెప్పుకునే బిల్లీ మాత్రం గల్లీ విడిచిపోలేదు. అరేబియన్ మౌను ఎడారి దిద్దితే, దీన్ని సీమ ఎండ దిద్దింది.

మరి దీనికి కాగితం లేదా? మన దేశంలో పశువుల జాతులను గుర్తించేది హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ. ఒంగోలు గిత్త, పుంగనూరు ఆవు, నెల్లూరు గొర్రె, అసీల్ కోడి ఆ జాబితాలో ఉన్నాయి. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ కుక్కలు కూడా ఎక్కాయి. పిల్లులకు అందులో చోటు లేదు. పాలివ్వదు, బండి లాగదు, కాబట్టి సర్కారు లెక్కలోకి రాలేదు. క్యాట్ షోల వైపు మాత్రం కొంత కదలిక ఉంది. చుక్కల బొచ్చున్న దేశీ పిల్లులను ఇండీమౌ అనే పేరుతో నిలబెడుతున్నారు.

రేపు మన గల్లీ పిల్లికీ పేరు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా పిల్లి మారదు. కువైట్ పిల్లి 2008కి ముందు ఎట్లా ఉందో, తర్వాతా అట్లాగే ఉంది.

దీన్‌లో పిల్లి

ముస్లిం ఇళ్లలో పిల్లికి ఎప్పుడూ చోటుంది. ఎక్కువ హదీసులు చేరవేసిన సహాబీ అబూ హురైరా రజియల్లాహు అన్హు పేరుకు అర్థమే పిల్లికూన వాడని. పిల్లి మూతి పెట్టినంత మాత్రాన నీళ్లు నజిస్ కావని, అది ఇంట్లో మన మధ్య తిరిగే జీవి అని హదీసుల్లో ఉంది. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, తానుగా వెతుక్కోనివ్వక చంపిన స్త్రీకి శిక్ష పడిన సంగతి బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మువెజ్జా అనే పిల్లి కోసం ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం అంగీ చెయ్యి కత్తిరించారన్న కథ వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. అది ప్రామాణిక హదీసు గ్రంథాల్లో లేదు, పంపే ముందు ఆగడం మంచిది. పిల్లి ఎదురొస్తే అపశకునం అన్న మాటకూ దీన్‌లో చోటు లేదు.

కొనడం, అమ్మడం గురించి ఒక మాట. పిల్లి వెల తీసుకోవద్దన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. నాలుగు మజ్‌హబ్‌ల ఉలమాలో ఎక్కువమంది దాన్ని నిరుత్సాహపరచడంగా తీసుకుని, అమ్మకం జాయిజ్ అన్నారు. కొందరు ఉలమా అస్సలు వద్దన్నారు. వేలు పోసి కొనాలనుకునేవాళ్లు ముందు తమ ఆలిమ్‌ను అడిగితే మనసుకు నెమ్మది. గల్లీ పిల్లిని తెచ్చుకుంటే ఆ ప్రశ్నే రాదు.

ఇంటికి తెచ్చుకునే ముందు

కొనేవాళ్లు: మూతి అందం కాదు, ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా, నిద్రలో గురక పెడుతుందా చూడండి. తల్లి పిల్లిని చూపించమనండి. కిడ్నీ జన్యు టెస్ట్ రిపోర్ట్ అడగండి. జాతి పిల్లి అంటే ఏ సంఘంలో రిజిస్టర్ అయిందో కాగితం చూపించమనండి. చూపించలేకపోతే మీరు కొంటున్నది పొడుగు బొచ్చును మాత్రమే.

గల్లీ పిల్లిని తెచ్చుకునేవాళ్లు: పశువుల డాక్టర్ దగ్గర రేబిస్ టీకా వేయించండి, ఆపరేషన్ చేయించండి. మనుషుల జ్వరం మాత్ర పారాసిటమాల్ పిల్లికి విషం, ముక్క కూడా వేయొద్దు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, నీళ్లు పెట్టండి. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోండి.

గల్ఫ్ నుంచి తేవాలనుకునేవాళ్లు: రెండేళ్లకు పైగా అక్కడే ఉండి, ఇక శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకే తమ పెంపుడు పిల్లిని వెంట తెచ్చుకునే వీలుంది, అదీ రెండుకు మించకుండా. టీకా రికార్డు, ఆరోగ్య పత్రం, మన దేశపు జంతు క్వారంటైన్ విభాగం ఇచ్చే నిరభ్యంతర పత్రం ముందే చేతిలో ఉండాలి. టికెట్ కొనక ముందే హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న క్వారంటైన్ ఆఫీసులో కనుక్కోండి.

ఇక ఈసారి వీడియో కాల్‌లో కువైట్ గోడ మీద పిల్లి కనపడితే, దాని పేరు అరేబియన్ మౌ అని పిల్లలకు చెప్పండి. మన ఎండకు తగ్గ పిల్లి మన గోడ మీద కూడా ఉందని చూపించండి. దానికి పేరు పెట్టే పని పిల్లలకే వదిలేయండి. ఒక గిన్నె నీళ్లు మాత్రం మీరు పెట్టండి.